ధూమశకటపు పద్దు

దిల్‌సుఖ్‌నగరు నుండి ఎల్.బి. నగరునకు పోవు మెట్రో రైలు చైతన్యపురి దాటిన పిమ్మట ఒక స్టేషనులో నిలుచును. దాని పేరు విక్టోరియా మెమోరియల్. దినమున కెందరో అచ్చట దిగుదురు, ఎక్కుదురు. ఆ పేరు మన వాడలోనికి ఎట్లు వచ్చెనని తలచువారు అరుదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాను ఏలుబడిలో, సరూరునగరునందు ఆంగ్లేయుల రాణి విక్టోరియా స్మారకముగా ఒక అనాథ శరణాలయము వెలసినది. స్టేషనునకు ఆ పేరు దానివలననే కలిగెను. ఆ రాణి 1837లో సింహాసన మెక్కి 1901లో గతించినది. ఈ నడిమి అరువదినాలుగేండ్లలోనే ఇనుప పట్టాలు భూగోళమును చుట్టివేసినవి. ఆమె పట్టాభిషేకము నాటికి హైదరాబాదు రాజ్యములో ఎడ్లబండి, పల్లకి, గుఱ్ఱము తప్ప వేఱు వాహనము లేదు. ఆమె మరణించునాటికి వాడి, బెజవాడ, మన్మాడు అను మూడు దిక్కులకు పొగబండ్లు నడచుచుండెను.

ఈ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయ మొకటి వ్రాయుమని గ్రంథాలయమువారు కోరినపుడు నాకు తోచినది ఈ పొగబండి కథయే. దాని వేగమును, కూతను వర్ణించినవారు పెక్కుమంది కలరు. నేను లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. కావున ఆ యంత్రము ఎవరి ధనముతో వచ్చినది, ఎవరి పద్దున ఖర్చు పడినది, ఆ పద్దును చూపుమని అడిగినవారి గతి యేమైనది అను వైపునుండి ఈ కథను చెప్పెదను.

మొదట యంత్రమును గూర్చి రెండు మాటలు. ఉడుకుచున్న అన్నపు గిన్నెమీది మూత ఎగిరిపడుట మనము దినమును చూచుచున్నదే. ఆ ఆవిరిని పోనీయక ఇనుప పీపాలో బంధించి, సన్నని గొట్టముద్వారా ఒక స్తంభాకారపు పెట్టెలోనికి పంపినచో, అందలి ముషలకము ముందునకు వెనుకకు కదలును. ఆ కదలికను కడ్డీతో చక్రమునకు తగిలించిరి. పని ముగించిన ఆవిరిని వృథాగా విడువక పొగగొట్టములోనికి విడిచిరి. అది పైకి చిమ్ముకొనుచు పొగను తనవెంట లాగికొనిపోవును. దానివలన పొయ్యిలోనికి గాలి యధికముగా ప్రవేశించి నిప్పు మఱింత రగులును. బండి ఎంత వేగముగ నడచిన నిప్పు అంతగా మండును. చిన్ననాడు మనము అనుకరించిన ఆ చుక్‌చుక్ ధ్వని ఈ ఊర్పుదే కాని వేఱొండు కాదు.

ఇంగ్లండులో లివర్‌పూలు, మాంచెస్టరు నగరముల నడుమ 1830లో ఇట్టి ఇంజనులతో రైలు నడచినది. ఆ దేశపు కథ అందఱు చదివినదే. దాని ప్రక్కనున్న ఐర్లండు ద్వీపము కథ అంతగా ఎవ్వరును చెప్పరు. ఐర్లండును లండను నుండి పాలింపబడిన దేశమే. అచ్చటను నేల యొకరిది, కష్టమొకరిది. కావున మనతో పోల్చి చూచుటకు ఇంగ్లండుకంటె ఐర్లండే తగినది.

1834 డిసెంబరు 17వ తేదీన డబ్లిను నగరము నుండి కింగ్స్‌టౌను రేవునకు ఆరు మైళ్ల దూరము మొదటి ఐరిషు రైలు నడచెను. కింగ్స్‌టౌనునకు నేడు డన్‌లేరీ యని పేరు. ఆ దినమున బండిని లాగిన ఇంజను పేరు హైబెర్నియా. మాంచెస్టరులో షార్పు, రాబర్ట్సు కంపెనీవారు దానిని చేసిరి. దాని స్తంభపెట్టెలు నిలువుగా నుండెను; వాని కదలికను మోచేయివలె వంగిన దండములు చక్రములకు అందించుచుండెను. లివర్‌పూలునందలి ఫారెస్టరు కంపెనీ చేసిన ఇంజనులు వేఱు తీరువి. వాని స్తంభపెట్టెలు చట్రమునకు వెలుపల అడ్డముగా నుండెను. నడచునపుడు అవి కుడికి ఎడమకు ఊగుచుండుటచే జనులు వానికి ముష్టియుద్ధము చేయు మల్లులని పరిహాసముగా పేరిడిరి. మొదటి తరపు యంత్రము లన్నియు ఇట్టివే: ఒకదానిలో లేని లోపము మఱియొకదానిలో నుండెడిది.

ఇక్కడ గమనింపదగిన దొకటి కలదు. ఆ డబ్లిను కంపెనీవారు పరాయి ఊరి ఇంజనులను కొని, విఱిగినపుడు అతికించుకొనుచు ఊరకుండలేదు. రైలు మొదలైన ఏడేండ్లకే, 1841లో, తమ సొంత కర్మశాలలో ప్రిన్సెస్ అను ఇంజనును తామే చేసికొనిరి. ఆరు మైళ్ల రైలు! మన లెక్కలో ఎల్.బి. నగరు నుండి మలక్‌పేట దాటి మఱికొంత దూరము. అంత చిన్న సంస్థకు అంత పెద్ద సాహస మెట్లు కలిగెననగా, యంత్రమును విప్పి బిగించిన చేతులును, దానికి సొమ్ము పెట్టిన చేతులును ఒక్క ఊరిలోనే యుండెను గనుక. కార్కు నగరపు స్టేషనులో నేటికిని 36వ సంఖ్యగల పాత ఇంజనొకటి నిలిపియుంచబడినది. లివర్‌పూలు నగరమున బరీ కంపెనీవారు 1847లో చేసిన దది. దాని అగ్నికుండముమీది కప్పు గడ్డివామివలె గుండ్రముగా నుండును. 1870 దశకము నడుమ అది పనినుండి విశ్రమించినది. సరిగా ఆ కాలముననే మన సికిందరాబాదునకు మొదటి పొగబండి వచ్చినది.

అంతకుముందే దక్షిణదేశమున ఇనుప పట్టాల పరిచయము లేకపోలేదు. విక్టోరియా రాణి గద్దెనెక్కిన 1837లోనే చెన్నపట్టణము దగ్గఱ ఎఱ్ఱకొండల నుండి రోడ్లు వేయు రాతిని తెచ్చుటకు ఒక రైలుత్రోవ యేర్పడెను. దాని వెనుకనున్నవాడు మన గోదావరి జిల్లాలవారు నేటికిని తలచుకొను ఆర్థరు కాటను. అచ్చట ఆవిరి యంత్రమును గూడ ప్రయోగించి చూచిరి. పిమ్మట ధవళేశ్వరమున ఆనకట్ట పనికి రాళ్లు మోయుటకును ఆయన ఇనుప పట్టాలనే పఱపించెను. తెలుగు నేలపై మొదటి పట్టాలు అవియే యని చెప్పవచ్చును. వింత యేమనగా, ఇట్లు అందఱికంటె ముందు పట్టాలు వేయించిన ఆ కాటనే, దేశమునకు రైళ్లకంటె కాలువలు మేలని తన జీవితకాల మంతయు వాదించెను. కాలువలో పడవయు నడచును, పొలమును తడియును. రైలు పట్టా దప్పిక తీర్చదు. ఆయన వాదమును లండనులో వినినవారు కొందఱే.

1853 ఏప్రిలు 16న బొంబాయి నుండి ఠాణాకును, 1856 జులై 1న చెన్నపట్టణపు రాయపురము నుండి ఆర్కాటు దిక్కునకును ప్రయాణీకుల బండ్లు నడచినవి. చెన్నపట్టణపు రైలు కడప, గుత్తి మీదుగా సాగి 1871లో రాయచూరున బొంబాయి రైలుతో కలిసెను. ఈ పెద్ద దారి నిజాము రాజ్యపు పడమటి అంచును మాత్రమే తాకెను. రాజధాని దూరముగనే యుండెను. సికిందరాబాదులో నున్నది ఆంగ్లేయుల పెద్ద దండు. దానిని రేవుపట్టణములతో కలుపవలెననుట వారి పట్టుదల. దివాను సాలారుజంగు కాలమున 1870లో పనికి పూనుకొనిరి. వాడి నుండి తాండూరు, వికారాబాదు మీదుగా సికిందరాబాదు వఱకు సుమారు 120 మైళ్ల దారి 1874 అక్టోబరులో తెఱవబడెను. పట్టాల నడిమి వెడల్పు 5 అడుగుల 6 అంగుళములు. బొంబాయి రైలు కొలతయే. ఈ కొలతవలన దండును ఎచ్చటను దింపక బండి మార్చక తరలించుటకు వీలు కలిగెను. సొమ్ము మాత్రము నిజాము రాజ్యముది. ఆ సొమ్ము ఎక్కడిదనగా, పొలము దున్ని శిస్తు కట్టిన రైతుది.

ఇక అసలు పద్దునకు వచ్చుచున్నాను. 1883 ఫిబ్రవరిలో సాలారుజంగు కలరా సోకి మరణించెను. నిజాము అప్పటికి పదునాఱేండ్ల బాలుడు. 1884 ఫిబ్రవరిలోగాని ఆయనకు సంపూర్ణాధికారము రాలేదు. ఆ నడిమి కాలముననే, రాజ్యపు రైలును లండనులో నెలకొల్పబడు ఒక కంపెనీ చేతికిచ్చి, ఆ కంపెనీచే దారిని బెజవాడకును, చాందా దిక్కునకును పొడిగింపించుటకు ఏర్పాటు జరుగుచుండెను. మైనరు ఆస్తిని తాకట్టు పెట్టునపుడు ఎంత జాగ్రత్త వహింపవలెనో మన పల్లెలోని సామాన్య గృహస్థునకును తెలియును. ఇచ్చట ఒక రాజ్యమే మైనరు ఆస్తిగా నుండెను.

నగరములోని విద్యావంతులు కొందఱు ఈ సంగతి విని కలవరపడిరి. షరతు లేమి, అప్పు ఎంత, వడ్డీ ఎవరు కట్టవలెను, ఈ వివరములు జనులకు తెలుపుడని సభలు జరిపిరి. వారిలో ముందు నిలిచినవాడు అఘోరనాథ చట్టోపాధ్యాయుడు. వంగదేశీయుడు, ఎడింబరోలో విజ్ఞానశాస్త్రమున పట్టము పొంది, హైదరాబాదులో కళాశాలను నెలకొల్పి నడపిన పండితుడు, సరోజినీ నాయుడుగారి తండ్రి. ముల్లా అబ్దుల్ ఖయ్యూము వంటివారు ఆయనకు తోడుగా నిలిచిరి. వారు రైలు వలదనలేదు. లెక్క చూపుడనిరి. అంతమాత్రమునకే 1883లో ప్రభుత్వము అఘోరనాథుని ఉద్యోగమునుండి తొలగించి రాజ్యమునుండి వెడలగొట్టెను. కొన్నియేండ్లకు గాని ఆయన మరల రాలేదు.

ఈ ఘట్టము చదివినపుడెల్ల నాకు భారతమున అరణ్యపర్వములోని నలోపాఖ్యానము గుర్తునకు వచ్చును. ఋతుపర్ణ మహారాజు బాహుకుని సారథిగా గొని విదర్భకు పోవుచుండ, ఆయన ఉత్తరీయము జాఱిపడెను. నిలుపుమనులోపలనే రథము ఆమడ దూరము దాటిపోయెను. అంతటి వేగము సారథిది. రాజునకు మఱొక విద్య కలదు. దారిలోని తాండ్రచెట్టును చూచి, దాని ఆకులును కాయలును ఇన్నియని చెప్పెను. బాహుకుడు ఏమి చేసెను? ప్రభువు చెప్పెనుగదా యని తల యూపలేదు. రథమును నిలిపి, చెట్టును పడగొట్టి, తానే లెక్కించి చూచెను. విదర్భకు ఆలస్యమగునని రాజు తొందరపడినను విడువలేదు. లెక్క సరిపోయినది, రాజు కోపింపలేదు సరికదా, తన విద్యను అతనికిచ్చి అతని విద్యను తాను గొనెను. హైదరాబాదులో చెట్టును లెక్కపెట్టెదమనినవారికి ఊరు విడువుమని ఆజ్ఞ వచ్చినది.

1883 చివర ఒప్పందము ముగిసెను. నిజాముగారి గ్యారంటీడు స్టేటు రైల్వే అను పేరు దానివలన వచ్చినదే. గ్యారంటీ యనగా పూచీ. దీనిని నూఱు పౌనుల లెక్కలో చెప్పెదను. వాటాదారుడు లండనులో 100 పౌనులు పెట్టెను. రైలు లాభము సంపాదించినను సంపాదింపకున్నను అతనికి ఏటేట 5 పౌనులు ఇరువదియేండ్ల పాటు ముట్టవలెను. రైలు 3 పౌనులు ఆర్జించినచో మిగిలిన 2 రాజ్యపు బొక్కసము నుండి, ఒక్కటే ఆర్జించినచో 4 బొక్కసము నుండి. నష్టము వచ్చునను భయము పెట్టుబడి పెట్టినవానికి లేదు. ఖర్చు తగ్గింపవలెనను తొందరయు అతనికి లేదు. బ్రిటిషు ఇండియాలోని రైళ్లును ఈ పద్ధతిపైననే కట్టబడినవి. అచ్చటను దీనిని నిందించినవారు చాలమంది కలరు.

దీనిలో మఱొక చిక్కు దాగియున్నది. వడ్డీ పౌనులలో, ఆదాయము వెండి రూపాయలలో. 1870 ప్రాంతమున ఆంగ్ల ప్రభుత్వపు రూపాయి సుమారు 2 షిల్లింగులు చేయుచుండెను. అనగా పౌనునకు 10 రూపాయలు. వెండి ధర పడిపోగా 1894 నాటికి రూపాయి 1 షిల్లింగు 1 పెన్నీ దరికి దిగెను. అనగా పౌనునకు 18 రూపాయలకు పైగా. పూర్వము 50 రూపాయలతో తీఱు 5 పౌనుల వడ్డీకి ఇప్పుడు 90 రూపాయలకు మించి కావలెను. నిజాము రాజ్యములో చెల్లు హాలీ సిక్కా రూపాయి విలువ ఆంగ్ల రూపాయికంటె తక్కువ గనుక, ఆ మేర భార మింకను పెరిగెను. ఒప్పందములో ఒక్క అక్షరము మాఱలేదు. అప్పు మాత్రము ఇంచుమించు ఇబ్బడి యయ్యెను. ఊరిలో వడ్డీ వ్యాపారి ఇట్లు చేసినచో పదిమంది పెద్దలు పిలిచి అడుగుదురు.

దారి యేటు పోయెనన్నదియు ఈ లెక్కలోనిదే. చదువరులారా, ఎల్.బి. నగరు కూడలిలో తూర్పుముఖముగా నిలిచినచో ఎదుటనున్న రాజమార్గము హయత్‌నగరు, సూర్యాపేట మీదుగా బెజవాడకు తిన్నగా పోవును. బెజవాడకు రైలు వేయునపుడు ఈ తిన్నని దారి పట్టలేదేమి? బొగ్గు ఇటువైపు లేదు గనుక. విలియము కింగు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. ఇంజనునకు బొగ్గే ఆహారము. అందుచే దారి ఉత్తరముగా వంగి కాజీపేట, ఓరుగల్లు, డోర్నకలు మీదుగా సాగెను. డోర్నకలు నుండి సింగరేణి గనులకు ఒక కొమ్మ చీలెను. 1889 ఫిబ్రవరిలో పట్టాలు బెజవాడను చేరెను. ఓరుగల్లు వర్ధిల్లినది, ఖమ్మము వర్ధిల్లినది. తూర్పు బాటనున్న ఊళ్లకు బండికూత చాల కాలము వఱకు వినబడలేదు.

ఆ గనుల కథయు లెక్క చూపని కథయే. 1886లో లండనున పుట్టిన హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కును పొందెను. ఆ బేరములో రాజ్యపు తరపున నిలిచిన సర్దారు అబ్దుల్ హక్కే వాటాల వ్యాపారములో తన లాభము చూచుకొనెనని బయటపడెను. 1888లో ఇంగ్లండు పార్లమెంటు ఒక విచారణ సంఘమును వేసెను. అబ్దుల్ హక్కు పదవి పోయెను. ఐదేండ్ల క్రిందట వివరము లడిగిన పండితుడు అనుమానపడినది అకారణము కాదని ఇది చూచినవారికి తెలియకపోదు.

అట్లని ఆ రైలువలన మేలు కలుగలేదని నే ననను. ఎడ్లబండిపై నెలలు పట్టు ప్రయాణము ఒకటి రెండు దినములకు తగ్గినది. 1893లో సికిందరాబాదు చెంత లాలాగూడాలో కర్మశాల వెలసినది. మన పల్లెల కమ్మరుల బిడ్డలు, వడ్రంగుల బిడ్డలు అట్టి కర్మశాలలలో యంత్రవిద్య నేర్చిరి. బాయిలరు గొట్టములు మార్చిరి, చక్రములు చెక్కిరి. నిజాము రైలునకు ఇంజనులు మాత్రము సముద్రము దాటియే వచ్చినవి. ఆజ్మీరు కర్మశాల 1895లో ఒక ఇంజనును పూర్తిగా చేసి, భారతీయుల చేతికి ఆ పని రాదనుట అబద్ధమని నిరూపించినది. అయినను దేశమునందు ఇంజనులు పెద్ద సంఖ్యలో తయారగుట 1950లో చిత్తరంజను కర్మాగారము మొదలైన తర్వాతి మాట. డబ్లినువారు ఏడేండ్లలో దాటిన మెట్టునకు మనకు పట్టిన కాలమును చదువరులే గణించుకొందురు గాక. కొరత పడినది తెలివి కాదు. కొనుగోలు లండను చేతిలో నుండుట.

మన వాడకు దగ్గఱగా వచ్చినది వేఱొక రైలు. హైదరాబాదు గోదావరి లోయ రైలు అను పేర మన్మాడు వఱకు 391 మైళ్ల మీటరు గేజి దారి 1901 నాటికి పూర్తియైనది. 1916లో దక్షిణముగా మహబూబునగరు మీదుగా గద్వాల వఱకు దారి పెరిగినది. ఆ యేడే కాచిగూడ స్టేషను భవనము లేచినది. మలక్‌పేట ఈ దారిమీదిదే. దిల్‌సుఖ్‌నగరువారికి చాలకాలము దగ్గఱి రైలు ఇదియే. పట్టాల నడుమ ఒక్క మీటరే గనుక సికిందరాబాదు పెద్దదారి బండి దీనిమీదికి రాదు. సరకు మూటలను ఒక బండినుండి దింపి మఱొక బండిలో కెత్తవలసివచ్చెను. హమాలీల కూలి పద్దు ఈ కొలతల భేదమువలననే పెరిగినది.

1930 ఏప్రిలు 1న నిజాము ప్రభుత్వము కంపెనీకి సొమ్ము చెల్లించి రైలును తన చేతిలోనికి తీసికొనెను. తన రైలును తానే మరల కొనుట! 1951 నవంబరులో అది కేంద్ర రైల్వేలో కలిసెను. 1966 అక్టోబరు 2న సికిందరాబాదు ముఖ్యస్థానముగా దక్షిణ మధ్య రైల్వే పుట్టెను.

ఈ రెండు తేదీల నడుమ జరిగిన దొకటి మన యెల్.బి. నగరుతో ముడిపడియున్నది. 1956 సెప్టెంబరులో, పైన చెప్పిన మీటరు గేజి దారిమీద, జడ్చర్ల మహబూబునగరుల నడుమ వఱదకు వంతెన కూలి రాత్రి బండి పడిపోయెను. నూఱుమందికి పైగా మరణించిరి. నాటి రైల్వేమంత్రి లాల్ బహదూరు శాస్త్రి. ఆయన వంతెన కట్టినవాడు కాడు, ఇంజను నడపినవాడు కాడు. అయినను ఆ బాధ్యత తన పద్దున వ్రాసికొని రాజీనామా నిచ్చెను. ప్రధాని నెహ్రూ అంగీకరింపలేదు. రెండు నెలలకే నవంబరులో తమిళదేశమున అరియలూరు దగ్గఱ అట్టి ప్రమాదమే సంభవించెను. శాస్త్రి మరల రాజీనామా నిచ్చెను. ఈమారు అది అంగీకరింపబడెను. మనము ఉత్తరములపై ఎల్.బి. నగరు అని రెండక్షరములలో కుదించి వ్రాయు పేరు ఆయనదే.

2018 సెప్టెంబరు 24న ఎల్.బి. నగరు నుండి అమీరుపేటకు మెట్రో బండ్లు నడువ మొదలిడెను. నిప్పు లేదు, పొగ లేదు, బొగ్గు లేదు. పెట్టెలను దక్షిణ కొరియా దేశపు హ్యుండాయ్ రోటెమ్ కంపెనీ చేసినది. పట్టాల నడిమి వెడల్పు పెద్దదారి కొలతయు కాదు, కాచిగూడ మీటరు కొలతయు కాదు. 1435 మిల్లీమీటర్లు, అనగా 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళములు. 1834లో హైబెర్నియా ఇంజను డబ్లినులో పరుగెత్తినది సరిగా ఈ వెడల్పు పట్టాలమీదనే. ఐర్లండువారు 1857లో ఆ దారిని 5 అడుగుల 3 అంగుళములకు మార్చుకొనిరి.